జోళ్లు విడిచే గడప దగ్గర



పోలియో పిల్లలు వేసుకునే పాతకాలపు ఇనుప క్యాలిపర్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. తొడ నుంచి పాదం దాకా కాలికి రెండు పక్కలా స్టీలు కడ్డీలు, వాటిని కాలికి బిగించే తోలు పట్టీలు, మోకాలి దగ్గర జారి పడే ఒక తాళం, అన్నిటికన్నా కింద ఒక బరువైన బూటు. ఆ కడ్డీల కొసలు బూటు మడమలోకి దిగి ఉంటాయి. అంటే బూటూ, క్యాలిపరూ ఒకే వస్తువు. బూటు విప్పారంటే కాలికి ఉన్న సహారా మొత్తం ఊడిపోయినట్టే.

ఇక ఆ పిల్లవాడు నమాజ్‌కి వచ్చాడనుకోండి. అందరూ జోళ్లు విడిచి లోపలికి పోతారు. వీడు ఎలా విడుస్తాడు? బూటుతో సఫ్ మీదికి రాలేడు. బూటు విప్పితే నిలబడలేడు. మెట్టు మీద కూచొని పట్టీలన్నీ ఒక్కొక్కటే విప్పుకొని, చేతుల మీద పాకుతూ లోపలికి పోవాలి. లేదా అబ్బా ఎత్తుకొని తీసుకుపోవాలి. పదమూడు, పధ్నాలుగేళ్లు వచ్చాక ఏ పిల్లవాడికి అబ్బా చేత ఎత్తించుకోవాలని ఉంటుంది? అలాంటివాళ్లు మెల్లగా మస్జిద్‌కి రావడం మానేసేవాళ్లు. మా మొహల్లాలో అలా మానేసిన ఒకరిని నేను ఎరుగుదును. ఆయన్ని ఎవరూ రావద్దని అనలేదు. పైగా అందరికీ ఆయనంటే హమ్‌దర్దీనే. ఆపింది ఆ బూటు.

మరీజ్‌కి నడక తిరిగి ఇచ్చే యంత్రాల తారీఖ్ గురించి రాద్దామని కూచున్నాను. దాన్ని బయోమెడికల్ ఇంజనీరింగ్ అంటున్నారు. పేరు కొత్తది, పని చాలా పాతది. ఈ తారీఖ్‌ను ఎక్కడ పట్టుకొని లాగినా నాకు ఆ బూటే గుర్తొస్తుంది. దాన్ని తయారు చేసినవాడు చెడ్డవాడు కాదు. జోళ్లతోనే ఇంట్లో తిరిగే, కుర్చీ మీద కూచొని తినే, కుర్చీ మీద కూచొని చర్చిలో దువా చేసే మనిషిని మనసులో పెట్టుకొని తయారు చేశాడు. మనం ఆ మనిషి కాదు.

కాస్త వెనక్కి పోదాం. హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (ర) అనే సహాబీ సంగతి హదీస్ కితాబుల్లో ఉంది. అబూ దావూద్‌లోనూ, తిర్మిజీలోనూ కనపడుతుంది. జాహిలియ్యత్ కాలంలో కులాబ్ అనే చోట జరిగిన జంగ్‌లో ఆయన ముక్కు తెగిపోయింది. వెండితో ముక్కు చేయించి పెట్టుకున్నారు. అది వాసన కొట్టడం మొదలైంది. అప్పుడు ప్రవక్త ముహమ్మద్ (స) ఆయన్ని బంగారంతో ముక్కు చేయించుకోమన్నారు. మగవాళ్లకు బంగారం హరామ్ అని మనకు తెలుసు కదా. అయినా ఇక్కడ ఇజాజత్ దొరికింది. పళ్లను బంగారంతో కట్టించుకోవచ్చా అన్న మస్అలాలో ఫుకహా ఈ హదీస్‌నే దలీల్‌గా తీసుకున్నారు.

ఈ ఖిస్సాను ఇంజనీర్ కళ్లతో ఒకసారి చూడండి. వెండి ఒంటి చెమటకూ, తడికీ నల్లబడుతుంది. బంగారం మారదు. శరీరంతో ఏ పదార్థం కలిసి బతకగలదు అన్నది ఈ శాస్త్రంలో మొట్టమొదటి సవాల్. ఈరోజు మోకాలి కీలుకి ఏ లోహం వాడాలి, గుండె నాళంలో ఏ లోహం పెట్టాలి అని ల్యాబుల్లో తల పట్టుకొని కూచునేది దీని మీదే. తర్వాత ఖుర్తుబాలో అబుల్ ఖాసిమ్ జహ్రావీ తన ‘అత్తస్రీఫ్’ ఆఖరి భాగంలో సుమారు 200 జర్రాహీ పనిముట్ల బొమ్మలు గీసి పెట్టారు. ఊగే పళ్లను తీగతో కట్టే పద్ధతి చెబుతూ బంగారు తీగే వాడాలి, వెండి కొద్ది రోజుల్లోనే చెడిపోతుంది అని ఆయనా హెచ్చరించారు. ఆవు ఎముక చెక్కి పన్నుగా పెట్టొచ్చనీ రాశారు. జహ్రావీ వఫాత్ అయింది 1013 ప్రాంతంలో. మనవాళ్లలో కొందరు ఇక్కడికి రాగానే ‘అంతా మనమే కనిపెట్టాం’ అని ఆగిపోతారు. ఆ ఫఖర్ దగ్గరే ఆగిపోతే ఆ మెట్టు మీద కూచున్న పిల్లవాడికి ఏం ఒరిగింది? కాబట్టి ముందుకు పోదాం.

జైపూర్. సవాయ్ మాన్‌సింగ్ హాస్పిటల్. 1960ల చివరి రోజులు. అక్కడ ఎముకల డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ. ఆయన దగ్గరికి కాళ్లు పోయినవాళ్లు వచ్చేవాళ్లు. రైలు కింద పడ్డవాళ్లు, లారీ గుద్దినవాళ్లు, పొలంలో గాయమై కుళ్లినవాళ్లు. వాళ్లకు అమెరికాలో పుట్టిన శాచ్ ఫుట్ అనే నకిలీ పాదం పెట్టేవాళ్లు. ఆ పాదంలో చీలమండ కదలదు. మడమలో మాత్రం మెత్తని దిండు లాంటిది ఉంటుంది. గట్టి నేల మీద, బూటు లోపల పెట్టుకొని నడవడానికి నిజంగా మంచి పాదం అది. 1950ల్లో కాలిఫోర్నియాలో ఇంజనీర్లు ఎంతో మెహనత్ చేసి తయారు చేశారు.

కానీ పెట్టించుకొని పోయిన రైతు మళ్లీ చంకకర్రలతోనే తిరిగి వచ్చేవాడు. నకిలీ కాలు ఏదయ్యా అంటే ఇంట్లో ఉంది సాబ్ అనేవాడు. ఎందుకు వాడటం లేదు? బూటు లేకుండా ఆ పాదం నిలవదు, పైగా చూడటానికి కొయ్యముక్కలా ఉంటుంది. బూటుతో బురదలోకి దిగలేడు. గొంతుక్కూచోలేడు కాబట్టి ఇస్తింజాకి పోలేడు. కాళ్లు మడిచి దస్తర్‌ఖాన్ దగ్గర కూచోలేడు. బూటుతో మందిర్‌లోకి పోలేడు, మస్జిద్‌లోకి పోలేడు. ఒక మనిషి రోజు మొత్తంలో చేసే పనుల లిస్టు రాసి, ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోతే ఏం మిగిలింది? నడక ఒక్కటే మిగిలింది. మనిషి బతికేది నడక కోసం ఒక్కదానికేనా?

అదే హాస్పిటల్‌లో రామచంద్ర శర్మ అనే కారీగర్ ఉండేవారు. అందరూ మాస్టర్‌జీ అనేవాళ్లు. పెద్ద చదువు లేదు. చేతిలో హునర్ ఉంది. చెక్కడం, పోత పోయడం, మలచడం తెలుసు. సైకిల్ టైరు పంక్చర్ అయ్యి బాగు చేయించుకోవడానికి ఆగినప్పుడు, పక్కన లారీ టైరుకి కొత్త రబ్బరు వేసి ఉడికించడం చూసి ఆయనకు ఖయాల్ వచ్చిందని చెబుతారు. పాదాన్ని అదే రబ్బరుతో ఎందుకు చేయకూడదు? డాక్టర్ సేఠీకి పాదం లోపలి ఎముకలు ఏ కోణంలో ఎంత తిరుగుతాయో తెలుసు. మాస్టర్‌జీకి రబ్బరు ఎలా వంగుతుందో తెలుసు. ఇద్దరూ కలిసి అచ్చులు పోశారు. కొన్ని పగిలాయి, కొన్ని చిరిగాయి. 1968 నాటికి జైపూర్ ఫుట్ నిలబడింది.

దాని లోపల ఏముంది? మడమ దగ్గర ఒక మెత్తటి స్పంజి రబ్బరు దిమ్మె, వేళ్ల వైపు ఇంకొకటి, పైన కాలిని బిగించడానికి ఒక చెక్క దిమ్మె. వీటన్నిటినీ టైరులో వాడే నూలు రబ్బరుతో చుట్టి, పైన ఒంటి రంగు రబ్బరు తొడిగి, అచ్చులో పెట్టి ఉడికిస్తారు. బయటకు వచ్చేసరికి ఐదు వేళ్లతో పాదంలాగే ఉంటుంది. నీళ్లలో తడిసినా ఏమీ కాదు. పైకి వంగుతుంది, పక్కకు వంగుతుంది, కొంచెం మెలిక కూడా తిరుగుతుంది. గొంతుక్కూచోవడానికి పైకి వంగాలి. బాసింపట్టు వేసుకోవడానికి పక్కకు తిరగాలి. ఎగుడు దిగుడు పొలం గట్టు మీద నడవడానికి రెండూ కావాలి. వజూ చేసేటప్పుడు తడుస్తుందన్న ఫికర్ లేదు. జోళ్లు విడిచి గడప దాటొచ్చు.

మన తెలుగువాళ్లకు ఈ పాదం ఒక సినిమా ద్వారా బాగా తెలుసు. సుధాచంద్రన్ అనే నాట్యకారిణి 1981లో యాక్సిడెంట్‌లో కాలు పోగొట్టుకొని, జైపూర్ ఫుట్‌తో మళ్లీ స్టేజీ ఎక్కింది. సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘మయూరి’లో తన కథలో తానే నటించింది. ఆ సినిమా చూసి ఏడవని వాళ్లు మా ఇంట్లో లేరు. అయితే నాకు నాట్యం కన్నా ఆ రైతు పొలంలోకి దిగడమే పెద్ద సంగతి అనిపిస్తుంది. సినిమా మాత్రం నాట్యం మీదే వస్తుంది, ఏం చేస్తాం.

ఇజ్జత్ ఎవరికి దక్కింది అన్నది కూడా చెప్పాలి. 1981లో డాక్టర్ సేఠీకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన దానికి హక్‌దారే. మాస్టర్‌జీ పేరు మాత్రం చాలాకాలం చిన్న అక్షరాల్లోనే ఉండిపోయింది. కారీగర్ల ఖౌమ్ నుంచి వచ్చిన మనకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 1975లో డి.ఆర్. మెహతా జైపూర్‌లో భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి పెట్టాక ఈ పాదం ఊరూరికీ పోయింది. ఉచితంగానే ఇస్తారు. మొదట్లో పైకాలును అల్యూమినియం రేకుతో సుత్తెతో కొట్టి చేసేవాళ్లు, తర్వాత నీటిపైపులకు వాడే ప్లాస్టిక్‌తో చేశారు. మందుపాతరల మీద కాలు పెట్టిన అఫ్గాన్ పిల్లల దాకా చేరింది.

ఇప్పుడు మన హైదరాబాద్‌కి రండి. కంచన్‌బాగ్. చాంద్రాయణగుట్ట వైపు ఉండేవాళ్లకు ఆ పొడవాటి గోడలు తెలుసు. లోపల రక్షణ పరిశోధన ల్యాబులు, పక్కనే మిధాని కార్ఖానా. గోడకు ఇవతల మన బస్తీలు, అవతల మిసైళ్లు. 1982లో డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ అక్కడి డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా వచ్చారు. 1989 మే 22న అగ్ని మొదటిసారి ఎగిరింది. పైకి పోయిన మిసైల్ మళ్లీ గాలిలోకి దిగేటప్పుడు దాని ముక్కు వేల డిగ్రీల వేడికి కాలిపోతుంది. అది కాలకుండా, బరువు పెరగకుండా ఉండాలని అక్కడివాళ్లు కాంపోజిట్ పదార్థాల మీద ఏళ్ల తరబడి పని చేశారు. కాంపోజిట్ అంటే భయపడకండి. మట్టిగోడ కట్టేటప్పుడు మట్టిలో గడ్డి కలిపి తొక్కుతారు కదా, అదే సూత్రం. మట్టి అతుక్కుంటుంది, గడ్డి చీలకుండా పట్టుకుంటుంది. ఇక్కడ గడ్డి బదులు కార్బన్ పోగులో గాజు పోగులో, మట్టి బదులు రెసిన్. లోహం కన్నా ఎంతో తేలిక, అయినా గట్టిది.

తర్వాత జరిగింది కలామ్ సాబ్ చాలా ప్రసంగాల్లో చెప్పారు. నిమ్స్ నుంచి ఒక ఎముకల సర్జన్ ల్యాబ్ చూడటానికి వచ్చారు. ఆ పదార్థాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఇంత తేలికా అని ఆశ్చర్యపోయారు. కలామ్ సాబ్‌ను తనతో పంజగుట్టకు తీసుకుపోయారు. నిమ్స్ అంటే పూర్వం నిజాం ట్రస్ట్ సొమ్ముతో మొదలైన ఎముకల దవాఖానాయే. అక్కడ చిన్న చిన్న ఆడపిల్లలు, మగపిల్లలు ఒక్కొక్కటి మూడు కిలోలకు పైగా ఉన్న ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ తిరుగుతున్నారు. వీళ్ల తక్లీఫ్ తీసేయండి అని డాక్టర్ అడిగారు. మూడు వారాల్లో కంచన్‌బాగ్ నుంచి 300 గ్రాముల క్యాలిపర్ వచ్చింది. పిల్లలు నమ్మలేకపోయారు, అమ్మీ అబ్బాల కళ్లలో నీళ్లు తిరిగాయి. కలామ్ సాబ్ తన జీవితంలో దొరికిన ఆనందాలను లెక్క పెట్టేటప్పుడు రాకెట్టు, అగ్ని, పోఖ్రాన్‌తో పాటు దీన్నీ చెప్పేవారు.

ఈ ఖిస్సాను మనం ఎన్నోసార్లు వాట్సాప్‌లో చదివాం. బరువు తగ్గింది అన్నంతవరకే అందరూ చెబుతారు. నా దృష్టిలో అసలు సంగతి బరువు కాదు. ఆ కొత్త క్యాలిపర్ పేరు ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్. పేరులోనే రహస్యం ఉంది.

పోలియో వైరస్ వెన్నుపాములో కండరాలను కదిలించే నరాల కణాలను చంపేస్తుంది. స్పర్శ మాత్రం పోదు. కాలు కదలదు, నొప్పి అంతా తెలుస్తుంది. తొడ ముందు కండరం చచ్చుబడితే మోకాలు నిలవదు, అడుగేయగానే ముందుకు మడుచుకుపోతుంది. అలాంటి పిల్లలు నడిచేటప్పుడు ఒక చెయ్యి తొడ మీద పెట్టి వెనక్కి నొక్కుతూ నడుస్తారు. మీరు చూసే ఉంటారు. మోకాలు మడవకుండా చెయ్యే కండరంలా పని చేస్తుంది. పాత ఇనుప క్యాలిపర్ మోకాలికి తాళం వేసి ఈ పని చేసేది.

కొత్తది తాళం వేయదు. మనం నేల మీద నిలబడితే మన బరువుకు సమానంగా నేల కూడా మనల్ని పైకి తోస్తుంది. ఆ తోపు మోకాలికి వెనక నుంచి పోతే మోకాలు మడుచుకుంటుంది. ముందు నుంచి పోతే మోకాలు వెనక్కి తోసుకొని నిటారుగా నిలుస్తుంది. అంతే లెక్క. పాదాన్ని కాస్త కిందికి వంచిన కోణంలో కదలకుండా పట్టి ఉంచి, మోకాలి కింద ముందువైపు ఒక డిప్ప ఆనేలా చేస్తే, అడుగేసినప్పుడల్లా నేలే పిల్లవాడి మోకాలిని వెనక్కి నెడుతుంది. చెయ్యి తొడ మీద నుంచి విడుదల అవుతుంది. ఆ చేత్తో పుస్తకాల సంచీ పట్టుకోవచ్చు, చెల్లి చెయ్యి పట్టుకోవచ్చు.

ఇందులో బూటు లేదు. డిప్ప పాదం కిందికి వచ్చి అరికాలికి ఆనుతుంది. దాని మీద మామూలు చెప్పు వేసుకోవచ్చు. చెప్పు విడిస్తే క్యాలిపర్ కాలికే ఉంటుంది, అడుగున తుడుచుకొని లోపలికి నడిచిపోవచ్చు. మూడు కిలోలు 300 గ్రాములైనందుకు అమ్మీ అబ్బాలు ఏడ్చారు, నిజమే. ఎంతమంది పిల్లలు ఆ తర్వాత తమ కాళ్ల మీద గడప దాటి లోపలికి పోయారో ఎవరూ లెక్క పెట్టలేదు.

ఇన్సాఫ్ కోసం ఇంకో మాట. నేల తోపుతో మోకాలిని నిలబెట్టే ఆలోచన కంచన్‌బాగ్‌లో పుట్టింది కాదు. 1969లోనే సాల్టియెల్ అనే ఆయన అలాంటి నమూనా గురించి రాశారు. మనవాళ్లు చేసింది దాన్ని తేలికైన, గట్టి పదార్థంలోకి తెచ్చి, నిమ్స్ వార్డులో ఉన్న పిల్లల కొలతకు దించడం. అది చిన్న పనేం కాదు. ఇంకో సంగతి, ఇది పోలియో వచ్చిన అందరికీ పనికిరాదు. మోకాలు పూర్తిగా చాపగలగాలి, తుంటిలో కొంత బలం ఉండాలి. మోకాలు మడతలోనే బిగుసుకుపోయిన పిల్లలకు ముందు ఆపరేషనో, వేరే బ్రేసో కావాలి. పిల్లలు పెరుగుతారు కాబట్టి బ్రేసు మళ్లీ మళ్లీ మార్చాలి. ఒకసారి క్యాంపులో ఇచ్చి ఫొటో దిగి పోయేవాళ్లు ఈ ఆఖరి సంగతి చెప్పరు. ఏడాది తిరిగేసరికి పొట్టిదైన క్యాలిపర్ అటక మీదికి చేరుతుంది.

అదే రోజుల్లో గుండె డాక్టర్ సోమరాజుతో కలిసి కలామ్ సాబ్ స్వదేశీ స్టెంటు తయారు చేయించారు. కలామ్-రాజు స్టెంట్ అని పేరు. విదేశీ స్టెంట్ల రేట్లు మధ్యతరగతి ఇంటిని అమ్మించే కాలం అది. దాని కథ వేరే రాయాలి.

కంచన్‌బాగ్‌కు వందేళ్ల ముందే మన షహర్ ఈ రంగంలో ఒక పెద్ద ప్రయోగం చేసింది, అది ఇలా కుదరలేదు. ఆపరేషన్‌కు క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు కొందరు మరీజ్‌లు టేబుల్ మీదే చనిపోయేవాళ్లు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా? హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే అని పట్టుబట్టారు. 1888లో ఒక కమిషన్ జరిగింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సర్కార్ 1,000 పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి అంది. లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్ 1889లో హైదరాబాద్ వచ్చారు. వందల జంతువులకు క్లోరోఫామ్ ఇచ్చి, రక్తపోటును కైమోగ్రాఫ్ అనే యంత్రంతో రాయించారు. తిరిగే డోలుకు మసి పట్టిన కాగితం చుట్టి ఉంటుంది, రక్తపోటు ఎగిరి పడినప్పుడల్లా ఒక సూది ఆ మసిలో గీత గీస్తుంది. ఈరోజు ఐసీయూలో మంచం పక్కన మెరిసే గీతకు అది తాత లాంటిది. మన షహర్‌లో ఆ గీతలు గీసిన రోజుల్లో అది ప్రపంచంలోనే అవ్వల్ దర్జా పరిశోధన.

ఫలితం? ఊపిరే ముందు ఆగుతుంది, నాడి చూడక్కర్లేదు, ఊపిరి చూస్తే చాలు అని తేల్చారు. అది ఘలత్. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన పిల్లుల మీద చూపించారు: క్లోరోఫామ్ తక్కువ ఇచ్చి, జంతువు సగం మత్తులో భయంతో ఉన్నప్పుడు గుండె ఒక్కసారిగా అదిరిపోయి ఆగుతుంది. హైదరాబాద్ సూది అబద్ధం గీయలేదు. దాన్ని ఎక్కడ పెట్టారన్నదే తేడా. జంతువులకు మత్తు నిండా ఎక్కించి చూశారు. చనిపోయే మనుషులు చాలామంది మత్తు మొదట్లోనే, భయంలోనే పోయేవాళ్లు. ఆ హాలత్‌లో ఉన్న ప్రాణిని కొలవలేదు. కాలిఫోర్నియా పాదం కూడా అంతే, బూటు వేసుకున్న మనిషి మీదే కొలిచారు.

ఇదంతా పాత రోజుల ముచ్చట అనుకోకండి. కరోనాలో ప్రతి ఇంట్లో వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ గుర్తుందా? జపాన్‌లో తకువో అవోయాగి 1970ల్లో కనిపెట్టిన సూత్రం. గోరు గుండా రెండు రంగుల వెలుతురు పంపి, రక్తం ఎంత పీల్చుకుందో చూసి ఆక్సిజన్ లెక్క కడుతుంది. 2020 డిసెంబరులో అమెరికా డాక్టర్లు పేషెంట్ల రికార్డులు తీసి చూశారు. ఆక్సీమీటర్ బాగానే ఉందని చూపిస్తున్నా రక్తంలో ఆక్సిజన్ నిజానికి పడిపోయి ఉన్న సందర్భాలు తెల్లవాళ్లలో కన్నా నల్లవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ కనిపించాయి. యంత్రానికి లెక్క నేర్పింది ఎక్కువగా తెల్ల చర్మం మీదే. మన ఇళ్లలో చామనఛాయ, నలుపు ఎంతమంది? 93 చూపిస్తోంది కదా, ఫికర్ లేదు అని మనం ఎన్ని రాత్రులు కూచున్నాం? ఆ రాత్రుల గురించి ఇప్పుడు ఏమీ చెప్పలేం. ఇకముందు మాత్రం ఆయాసం కనపడుతుంటే అంకె చూసి ఆగకండి, దవాఖానాకి పోండి.

పోలియో మన దేశం నుంచి పోయింది, అల్‌హమ్దులిల్లాహ్. ఆఖరి కేసు 2011 జనవరి 13న బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది, 2014 మార్చి 27న డబ్ల్యూహెచ్‌ఓ సర్టిఫికెట్ ఇచ్చింది. యూపీలో మనవాళ్లు చుక్కల మీద షక్ పెట్టుకున్నప్పుడు అలీగఢ్, జామియా మిల్లియా వాళ్లూ, ఉలమా కూడా కదిలి ఇంటింటికీ చెప్పారు. క్యాలిపర్ వేసుకునే కొత్త పిల్లలు పోలియో వల్ల ఇక దాదాపుగా రావడం లేదు.

కానీ కాళ్లు పోవడం ఆగలేదు. ఇప్పుడు తీసుకుపోతున్నది షుగర్. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పాదాల నరాలు చెడిపోతాయి. పోలియోలో స్పర్శ ఉండి బలం పోయింది. ఇక్కడ తిరగబడింది, బలం ఉంటుంది, స్పర్శ పోతుంది. రాయి గుచ్చుకున్నా తెలియదు, బొబ్బ వచ్చినా తెలియదు. పుండు పడి, చీము పట్టి, వేలు తీసేస్తారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింద దాకా. అప్పుడు మళ్లీ జైపూర్ ఫుట్ కావాలి.

ఈ గడపకు రెండో వైపు ఇదే. జోళ్లు విడవలేని పిల్లవాడి గురించి ఇంతసేపు రాశాను. షుగర్‌తో స్పర్శ పోయిన మన నానాజాన్, దాదీమా మాత్రం జోళ్లు విడవడంలోనే ఖత్రా ఉంది. మే నెల జొహర్ వేళకి మస్జిద్ సహన్‌లో రాయి ఎలా మండుతుందో మీకు తెలుసు. మనం గెంతుతూ పోతాం. స్పర్శ లేని పెద్దాయన తాపీగా నడుస్తారు, సాయంత్రం మేజోడు తీస్తే చర్మం లేచి ఉంటుంది. హజ్‌కి పోయిన షుగర్ పేషెంట్లకు కూడా ఇలా అరికాళ్లు కాలడం గురించి డాక్టర్లు రాశారు. మా కమిటీ వాళ్లతో మాట్లాడితే సహన్ మీద వజూఖానా నుంచి లోపలి దాకా ఒక చాప పరిచారు. ఖర్చు పెద్దగా కాలేదు. మందపాటి నూలు మేజోళ్లతో నమాజ్ చదవడానికి ఏ అభ్యంతరమూ లేదు. వజూ మసాయిల్, క్యాలిపర్ మీద మసహ్ మసాయిల్ మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి, నేను ఆలిమ్‌ను కాను.

స్పర్శ పోయిందో లేదో తెలుసుకునే యంత్రం ఈ మొత్తం తారీఖ్‌లోకెల్లా చవకైనది. పేరు మోనోఫిలమెంట్. ఒక పిడికి బిగించిన నైలాన్ పోగు, అంతే. 1890ల్లో ఫాన్ ఫ్రే అనే జర్మన్ శాస్త్రవేత్త స్పర్శను కొలవడానికి గుర్రపు వెంట్రుకలు వాడారు, తర్వాత అది నైలాన్ అయింది. కుష్టు మరీజ్‌ల పాదాల మీద, షుగర్ మరీజ్‌ల పాదాల మీద పరీక్షించి, 10 గ్రాముల ఒత్తిడికి వంగే పోగును హద్దుగా పెట్టారు. అది అరికాలికి ఆనించి వంగేదాకా నొక్కినా తెలియలేదంటే పాదం తనను తాను కాపాడుకోలేదని అర్థం. షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికి ఒక్కసారైనా ఈ పరీక్ష చేయాలి. మన దగ్గర చాలా క్లినిక్‌లలో రక్తం తీస్తారు, మందు రాస్తారు, జోళ్లు విప్పమని మాత్రం అడగరు. మీరే విప్పి పాదం చూపించండి. అడగడానికి షరమ్ అక్కర్లేదు. రెండు మూడు నిమిషాల పని. దాదీమా కళ్లు మూసుకుంటారు, డాక్టర్ బొటనవేలి కింద, చిటికెన వేలి కింద ఒక్కో చోట పోగును ఆనిస్తారు, తగిలినప్పుడల్లా ఆమె ‘హాఁ’ అనాలి.